అక్షరానికో వడ్లగింజ

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు అబ్బిన మొదటి చదువు అబద్ధపు చదువు.

సూర్యాపేటలో మా తాతయ్యకు వడ్ల దుకాణం ఉండేది. నాకప్పుడు ఐదేళ్లు నిండాయి. అది ఏ నెలో, ఏ తేదీయో చెప్పలేను. తేదీలు రాసి పెట్టుకునే అలవాటు నాకు తర్వాత వచ్చింది, తెలియని తేదీని కల్పించి రాయడం చేతకాదు. వేసవిలో యాసంగి వడ్లు దిగే కాలమని మాత్రం తెలుసు, ఎందుకంటే దుకాణం ముందు ఎడ్లబండ్లు బారులు తీరి ఉండేవి. ఒకటో తరగతిలో ఉన్న మా అన్న తన వాచకాన్ని రోజూ గొంతెత్తి వల్లె వేసేవాడు. విని విని ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాకు నోటికి వచ్చేసింది. అక్షరం మాత్రం ఒక్కటీ రాదు.

మా తాతయ్యకు అంతే చాలు. నన్ను గద్దె మీద తన పక్కన కూర్చోబెట్టుకుని, నా చూపుడు వేలును తన పిడికిట్లో బిగించి పేజీ మీద ఈడ్చేవాడు. ఆయన అరచేయి ఎప్పుడూ చెమటతో, పొగాకుతో, సున్నంతో జిగటగా ఉండేది. పేజీ తిప్పడానికి బొటనవేలిని నాలుక మీద అద్దుకునేవాడు. ఆ ఉమ్మికి పుస్తకం మూలలన్నీ గోధుమరంగుకు తిరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండేవి. ఆ తడి వేలే మళ్లీ నా వేలి మీదికి వచ్చేది. నేను ఊపిరి బిగబట్టి, మొహం బజారువైపు తిప్పుకుని, పాఠం అప్పజెప్పేదాన్ని.

"సూడుండ్రి, మా పొట్టిది ఇంక బడి మొఖం సూడలే. ఎట్ల సదువుతదో సూడుండ్రి" అనేవాడు ఎదురుగా కూర్చున్న రైతులతో.

"సరస్వతే పుట్టింది సేటూ" అనేవారు వాళ్లు.

గరిడేపల్లి నుంచి బండి కట్టుకుని వచ్చిన మనుషులు. వాళ్ల వడ్లు ఇంకా కాంటా ఎక్కలేదు. తాలు, తడి అని తూకంలో తరుగు ఎంత తీయాలో చెప్పవలసింది మా తాతయ్యే. ఆ మెప్పు నా చదువుకు కాదు, ఆ తరుగుకు భయపడి ఇచ్చినదని ఆ వయసులో నాకు తెలియదు. తెలిశాక, అలాంటి మెప్పుకా నేను మురిసిపోయింది అని నోరంతా చేదెక్కింది.

అక్కడితో ఆగినా బాగుండేది. బడి తెరవబోతుండగా మా తాతయ్య పంతులుతో మాట్లాడుకుని వచ్చి, నన్ను ఒకటో తరగతిలో కాక నేరుగా అన్నతో పాటు రెండో తరగతిలో కూర్చోబెడుతున్నానని దుకాణంలో చాటాడు. ఆ తరగతిలో పంతులు చెప్పింది పలక మీద రాయాలి. రాయకపోతే బెత్తం లేస్తుందని అన్న చెప్పాడు. నాకు బలపం పట్టుకోవడమే రాదు. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ పట్టలేదు. నాకు మాత్రం అన్నం దిగేది కాదు.

అప్పుడు హైస్కూల్లో చదువుతున్న మా పక్కింటి అక్క ఒక రోజు నూకల కోసం దుకాణానికి వచ్చింది. తాతయ్య ఆమెనూ వదలలేదు. నా వేలు పట్టుకుని పేజీ మీద ఈడ్చాడు, నేను అప్పజెప్పాను. అక్క నిలబడి అంతా చూసింది, మెచ్చుకోలేదు.

"తాతా, జర దాని ఏలు ఇడిసిపెట్టుండ్రి. దాన్నే సదవనియ్యుండ్రి" అన్నది.

వడ్ల కుప్పలోంచి పిడికెడు తీసి, పుస్తకంలో ఒక వరుస పొడవునా అక్షరం అక్షరం కింద ఒక్కో గింజ పేర్చింది. అక్షరం పలకాలి, దాని కింది గింజను రెండు వేళ్లతో తీసి ఒళ్లో వేసుకోవాలి, అప్పుడే తర్వాతి అక్షరం. నేను ఎప్పటిలాగే గడగడా చెప్పేశాను. నా నోట్లో వరుస అయిపోయింది. పుస్తకం మీద గింజలు సగానికి పైగా అలాగే ఉన్నాయి.

"నోరు ఊరు దాటిపోయింది, ఏలేమో గీడనే ఉన్నది. మరి కండ్లు ఏడున్నయే?" అని అడిగింది అక్క.

"బజార్ల" అన్నాను. నిజమే చెప్పాను, ఎద్దు పేడ వేస్తుంటే చూస్తున్నాను.

ఒక రైతు పకపకా నవ్వాడు. తాతయ్య అతనివైపు ఒక్క చూపు చూశాడు. ఆ నవ్వు గొంతులోనే చచ్చిపోయింది. "సిన్నపిల్ల గద సేటూ, నేర్సుకుంటది" అని ఆ రైతు తల వంచుకున్నాడు. పెద్దమనిషి తలను అలా వంచిన ఆ చూపు నాకు ఉమ్మి కన్నా రోతగా తోచింది.

"నూకలకొచ్చినవ్, తీస్కొని పో. నాకు సదువు సెప్తవా?" అన్నాడు తాతయ్య.

"మీకెందుకు తాతా, మీ పొట్టికి సెప్త. రేపు రెండో తరగతిల దీని ఏలు ఎవరు పట్టుకుంటరు, పంతులా?" అని అక్క నూకలు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

బడి తెరిచిన రోజు నేను ఒకటో తరగతిలోనే కూర్చున్నాను. తాతయ్య మళ్లీ ఆ అక్కతో మాట్లాడలేదు, నన్ను గద్దె ఎక్కించనూ లేదు. నాకు హాయిగా ఉండింది. బడి విడవగానే అక్క వాళ్ల అరుగు మీదికి పరిగెత్తేదాన్ని. ఆమె గచ్చు మీద సుద్దతో పెద్ద అక్షరం రాసి, దాని వంపుల వెంట నా చేత చింతగింజలు పేర్పించేది. రానురాను అక్షరాలు చిన్నవయ్యాయి, గింజలూ చిన్నవయ్యాయి. కందులు, పెసలు, చివరికి ఆవాలు. చూపు పక్కకు పోతే ఆవగింజ జారిపోయేది. అరవనక్కరలేదు, కొట్టనక్కరలేదు, గింజే చెప్పేది. ఆవాలను వంపు తప్పకుండా నిలపడం వచ్చాక బలపం దానంతట అదే వేళ్లలో కుదురుకుంది.

ఒక సాయంత్రం అక్క వెంట బస్టాండుకు వెళ్లాను. ఆగి ఉన్న బస్సు బోర్డు కింద గాలిలో వేలు నడిపించాను. హు, జూ, ర్ అనేసరికి, 'నగర్' ఇంకా మిగిలి ఉండగానే బస్సు కదిలిపోయింది. ఆ మాట మా అన్న వాచకంలో లేదు, ఎవరూ నాకు ముందుగా వినిపించలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు కూడా. "ఇంకో బస్సు వస్తది, సూడు" అన్నది అక్క. నేను చదివిన మొదటి మాట అదే, సగం మాట.

మొన్న కోదాడలో మా మనవరాలి ఇంటికి వెళ్లాను. దాని నాలుగేళ్ల కూతురు సోఫా మీద నిలబడి పుస్తకం పట్టుకుని ఇంగ్లీషు రైము చదువుతున్నది. చుట్టూ నలుగురు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. పిల్ల చేతిలో పుస్తకం తలకిందులుగా ఉంది.

"చూడు అమ్మమ్మా, ఎంత బాగా చదువుతుందో!" అన్నది మనవరాలు.

"ఏడ సదువుతున్నది? ముందు పుస్తకం సక్కగ తిప్పి పట్టియ్యి" అన్నాను.

వీడియోలో నా గొంతు పడిందని దాని మొగుడు మళ్లీ మొదటి నుంచి తీశాడు. పుస్తకాన్ని మాత్రం ఎవరూ తిప్పలేదు. నాకు ఆ ఇంట్లో మంచినీళ్లు తాగబుద్ధి కాలేదు.

పసిపిల్ల చదువుతున్నదని ఎవరు పిలిచినా నేను పిల్ల గొంతు వినను, కళ్లు చూస్తాను. కళ్లు, వేలు, నోరు మూడూ ఒకే అక్షరం మీద నిలిస్తే, ఆ అక్షరం నుంచి పక్క అక్షరానికి రావడానికి ఎంతసేపు పట్టినా నేల మీద చతికిలబడి కూర్చుంటాను. లేకపోతే లేచి వచ్చేస్తాను. ఎవరి ఇల్లయినా సరే.