ఉప్పునీళ్ల చేప

మా సర్పంచి అంకన్నకు తెలియని సంగతి లేదు. ఉంటే అది సంగతే కాదు. తర్లుపాడు అవతల మా ఊరి బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయని, మంచినీళ్ల ట్యాంకరు తెప్పించమని ఆడవాళ్లు రెండేళ్లుగా అడుగుతున్నారు. ఆయన ఇంట్లో క్యాను నీళ్లు తాగుతూ, బయటికొచ్చి బోరు నీళ్లకు సర్టిఫికెట్ ఇచ్చేవాడు.

ఒకరోజు వాళ్లలో సుబ్బులు ఖాళీ బిందెతో వచ్చి, ట్యాంకరు సంగతి తేలేదాకా లేవనని ఆయన అరుగు మీద కూర్చుంది. అంకన్న అందరి ముందూ మాటిచ్చాడు: "రేపు ఈ నీళ్లల్లో చేపను వదుల్తా. సాయంత్రందాకా బతికితే నీళ్లు మంచియే. సచ్చిందా, సోమవారం ట్యాంకరు తెప్పిస్తా."

కుంటలో దొరికే చేప సర్పంచి హోదాకు సరిపోతుందా? మార్కాపురంలో దయామణి నడిపే అక్వేరియం దుకాణానికి వెళ్లి, అన్నిటికంటే నీలంగా మెరిసేదాన్ని ఏరుకున్నాడు. దాని పేరు డామ్‌సెల్. చిటికెన వేలంత ఉంటుంది. వెచ్చటి సముద్రాల్లో, పగడపు దిబ్బల సందుల్లో దాని కాపురం. ఒక బొరియ చూసుకుందంటే అది దాని జాగీరే. పదింతల చేప వచ్చినా మీదపడి తరుముతుంది. అంతవరకు అంకన్న గుణమే. ఆ తర్వాతే తేడా. మగచేప రాతిని నోటితో శుభ్రం చేసి, ఆడది పెట్టిన గుడ్లు పిల్లలయ్యేదాకా కాపలా కాస్తూ, రెక్కలతో వాటికి మంచి నీళ్లు విసురుతుంది. తన వాళ్ల నీళ్ల గురించి అంత శ్రద్ధ మా సర్పంచికి ఎక్కడిది?

"ఇది ఉప్పునీళ్ల చేపన్నా. ఆ నీళ్లు మీకాడ ఉండాయా?" అని అడిగింది దయామణి. సముద్రపు ఉప్పు కలిపిన నీళ్లని ఆమె ఉద్దేశం.

"మా ఊరంతా ఉప్పునీళ్లే గదమ్మా" అన్నాడు అంకన్న, ధీమాగా.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు గాజు తొట్టిలో బోరు నీళ్లు పోసి చేపను వదిలాడు. మధ్యాహ్నానికి అది వెల్లకిలా తేలింది. మా ఊరి తగువుతో ఆ చేపకేం పని?

తప్పు దుకాణం మీద తోసేద్దామని అంకన్న దయామణికి ఫోను చేసి స్పీకర్లో పెట్టాడు. "ఏందమ్మా, నువ్వు చెప్పినట్టే మా బోరు ఉప్పునీళ్లల్లో వేసినా గదా, ఎట్ల సచ్చింది?"

ఊరంతా విన్నది. రెండేళ్లుగా ఒప్పుకోని మాట ఆయన నోటే వచ్చింది.

"బోరు ఉప్పు చాలదన్నా, సముద్రపు ఉప్పు కలపాల" అంది దయామణి.

అంకన్న ముఖం వెలిగింది. "విన్నారా? ఉప్పు చాలకనే సచ్చింది. అంటే మనయి మంచినీళ్లే."

సుబ్బులు బోరు దగ్గరికి పోయి గ్లాసు నింపుకొచ్చింది. "మంచినీళ్లే గదా మామా, తాగు."

ఆయన గ్లాసు అందుకొని, చచ్చిన చేపున్న తొట్టిలోకే ఒంపేశాడు. తాగలేదు.

సోమవారం ట్యాంకరు వచ్చింది. దానికి 'అంకన్న గారి సౌజన్యంతో' అని బ్యానరు కట్టారు. చచ్చిన చేప ఊసు అందులో లేదు.