ఒప్పుకోని మార్కు

వులన్‌ది జావా దీవిలోని యోగ్యకర్త. పాత చర్చిల గోడల మీది బొమ్మల గురించి చదవడానికి ఇటలీలోని ఫెరారా వచ్చి, ఇయోలాండా ఇంట్లో గది అద్దెకు తీసుకుంది. ఇయోలాండా సంతలో బట్టలమ్మి, మోకాళ్ళు మొరాయించాక మానేసిన మనిషి.

మొదటి సబ్జెక్టు మౌఖిక పరీక్షలో వులన్‌కి ముప్పైకి ఇరవై వచ్చాయి.

“తీసుకున్నావా?” అంది ఇయోలాండా, ఉల్లిపాయలు తరుగుతూ.

“ఇస్తే తీసుకోనా, సిన్యోరా?” అంది వులన్, ఇక్కడి ఆడవాళ్ళని పిలిచే మర్యాదతో.

“నచ్చకపోతే వద్దని, మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. ఇక్కడ అందరూ చేసేదే.”

“ప్రొఫెసర్ మొహం మీద చెప్పాలా?”

“మరి వీపు మీద చెప్తావా? నేను పెళ్ళికి ముందు ఇద్దర్ని వద్దన్నాను. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. సరేనన్నవాడే పోయాడు.”

వులన్ నవ్వలేదు.

“ఇంతకీ ఏం చెప్పావు పరీక్షలో?”

“అడిగినదానికి జవాబు చెప్పాను.”

“తర్వాత?”

“ఊరుకున్నాను.”

ఇయోలాండా కత్తి కింద పెట్టింది. “ఊరుకుంటే నీకు తెలీదనుకుంటారు, తల్లీ. ఆయన ఆపేదాకా నువ్వు ఆపకూడదు.”

గురువు అడిగినదానికి మించి మాట్లాడితే పొగరని విని పెరిగింది వులన్. ఇంకోసారి ఇరవై ఐదుకి తక్కువ వస్తే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఆగిపోతే ఇంటికి వెళ్ళిపోవాలి.

జనవరిలో రెండో సబ్జెక్టు పరీక్ష. ప్రొఫెసర్ బెల్లోది ఎదుట ఒక కుర్చీ. వెనక బెంచీల మీద, తమ వంతు కోసం వచ్చినవాళ్ళు వింటూ కూర్చున్నారు. ఆయన ఒక గోడచిత్రం గురించి అడిగాడు. వులన్ చిత్రకారుడి పేరు చెప్పింది, కాలం చెప్పింది, రంగుల గురించి రెండు మాటలు చెప్పింది. ఆయన కిటికీ వైపు చూశాడు. విసుగనుకుని ఆగిపోయింది.

“ఇరవై రెండు. రాయమంటారా?”

‘అలాగే’ అన్న మాట గొంతు దాకా వచ్చింది. తీసుకుంటే స్కాలర్‌షిప్ పోయినట్టే. వద్దంటే ఫిబ్రవరిలో ఒక్క అవకాశం. అదీ తప్పితే ఏమీ మిగలదు.

“వద్దండి.”

“సరే. ఫిబ్రవరిలో రండి. తర్వాత ఎవరు?”

అంతే. వెనక ఎవరూ తలెత్తలేదు. వరండాలోకి వచ్చి, నోటీసు బోర్డు చూసి ఫిబ్రవరి పరీక్ష తేదీ రాసుకుంది.

ఆ నెలంతా వంటింట్లో ఇయోలాండాకి పాఠం చెప్పింది. ఇయోలాండా మధ్యమధ్యలో అడ్డుపడేది.

“ఆ సాధువు పాదాలు అంత పెద్దవేంటి?” అంది పుస్తకంలోని బొమ్మ చూసి.

“పెద్దవి కావు.”

“పెద్దవే.”

“సిన్యోరా, నేను ఆ గోడనే చూశాను. మీరు చూడలేదు.”

“ఇదుగో, ఆయనతో ఇలా మాట్లాడు.”

“ఆయన చూశారు కదా.”

“అయితే ఇంకా మంచిది. దెబ్బలాటకి ఇద్దరూ సమానం.”

ఫిబ్రవరిలో వులన్ చిత్రకారుడి పేరుతో మొదలుపెట్టలేదు. బొమ్మ వేయడానికి గోడకి పూసే తడి సున్నం నుంచి మొదలుపెట్టింది. ఏ రోజు ఎంత గోడ పూశారో, ఒక రోజు పూతకీ మరో రోజు పూతకీ మధ్య అతుకులు ఎక్కడ కనిపిస్తాయో చెప్పింది. ఆయన కిటికీ వైపు చూశాడు. తను చెబుతూనే ఉంది.

“చాలు” అన్నాడు బెల్లోది.

“ఒక్క మాట మిగిలిందండి,” అని, దేవదూత ఎడమచేతి దగ్గర మరో చిత్రకారుడి కుంచె ఎందుకు కనిపిస్తుందో చెప్పి ముగించింది.

“అందులో నేను మీతో ఏకీభవించను,” అన్నాడాయన. “ఇరవై ఏడు.”

వులన్ ఒక్క క్షణం ఆలోచించింది.

“రాయండి.”