జాబితాలో లేని నుయ్యి

పూజారిగారు పోయారన్న కార్డు రేపల్లెలో నా బల్ల మీదికి వచ్చేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది. బాపట్ల దగ్గర సముద్రపుటొడ్డున ఉన్న ఒక చిన్న గుడికి ఆయన అర్చకులు. ఒకప్పుడు నేను అక్కడ హెల్త్ అసిస్టెంటును.

ఒక ఏడు కార్తీక పున్నమి స్నానాలకు ముందు చుట్టుపక్కల ఊళ్ళలో కలరా తగిలింది. తెనాలి నుంచి బస్సులు వస్తూనే ఉన్నాయి. జనాన్ని ఆపే అధికారం నాకు లేదు. బావులు, సత్రపు తొట్లు, టీ దుకాణాలు వరుస నంబర్లతో రాసుకుని, బ్లీచింగ్ పౌడరు కలిపిన ప్రతిదానికీ టిక్కు పెట్టుకున్నాను. ముందురోజు సాయంత్రం ఆ పుస్తకం పూజారిగారికి చూపించాను. ఏ కాగితమైనా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదవడం ఆయన అలవాటు.

"ఇందులో నా నుయ్యి లేదేంటండి?"

గుడి వెనక నూతికి తాళం ఉంటుంది, అభిషేకానికి తప్ప తోడరు కనుక రాయలేదన్నాను.

"ఆ అభిషేకం నీళ్ళే కదండీ తీర్థం. అందరికీ పోసేది నేనే."

తీర్థం ఆపమనడానికి నాకు నోరు రాలేదు. ఊరుకోవడానికి మనసొప్పక, చేతిలో ఉన్న బ్లీచింగ్ డబ్బా చూపించాను. తరతరాలుగా మడితో కాపాడిన నీళ్ళలో ఆ పొడి పడితే ఏమంటారో ఆయనకు తెలుసు. నూతి తాళం తీసి గట్టు మీద కూర్చున్నారు.

"ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు రెండు వైపులా నుయ్యేనండి. డబ్బా ఇటివ్వండి. ఆ మాటేదో నన్నే అననివ్వండి."

నేను కొలత చెప్పాను, ఆయన కలిపారు. పచ్చకర్పూరం ఎక్కువ వేస్తే వాసన తెలియదన్నాను.

"దాచి ఇచ్చేది తీర్థం కాదండీ."

మర్నాడు దుగ్గిరాల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అరచెయ్యి వాసన చూసి, "ఏంటి పంతులుగారూ, దేవుడు ఆస్పత్రిలో చేరాడా?" అంది. వరుసంతా నవ్వింది.

"ఆయన చేరలేదమ్మా. మనం చేరకుండా మందు కలిపాను. ముందు నేనే పుచ్చుకున్నాను."

ఆవిడ తాగింది. వెనకవాళ్ళు కొందరు ఇసుకలో పారబోశారు.

ఆ స్నానాల నుంచి కలరా ఎవరి ఇంటికీ చేరలేదు. ఆ నూతి వల్లనే అని నేను రుజువు చేయలేను. నూతిని మైలపరిచాడన్న మాట మాత్రం ఆయన్ని వదలలేదు. నాకు బదిలీ వచ్చింది. ఆయనకు ఆ గుడి తప్ప వెళ్ళే చోటు లేదు.

కిందటి కార్తీకంలో వెళ్ళాను. హారతి కళ్ళకద్దుకుని, ఊరివాళ్ళు తీర్థం దగ్గర ఆగకుండా పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. నేను చెయ్యి పట్టాను. అదే వాసన.

"ఈ ఏడూ కలిపానండి. టిక్కు పెట్టుకోండి."

తాగి పక్కకు తప్పుకున్నాను. ఆయన రాగి చెంబులో నుంచి మళ్ళీ ఉద్ధరిణి నింపి, గడప మీదుగా చెయ్యి చాపి నిలబడ్డారు. అది తొణకలేదు; కింద చెయ్యి పట్టేవాళ్ళు లేక వంగనూ లేదు.