అవ్వ నోరు ఎవ్వలం సూడలే

మా చిన్నప్పుడు... బోధన్‌ల షుగర్ ఫ్యాక్టరీ పొద్దుగాల సైరన్ మోగంగనే మా అవ్వ గడపల కూసునేది. అవ్వ అంటే మా బాపు వాళ్ళమ్మ. అరవయ్యేండ్ల కిందటి ముచ్చట. బొగ్గుపొడితోని పండ్లు తోముకొని వచ్చిన పిల్లలమందరం ఆమె ముంగట నిలవడి నోరు తెరవాలె. "ఆ అను" అనేది. దవడ పట్టుకొని వెలుగుకు తిప్పి సూసేది. బొగ్గుపొడి మరక కనవడ్డదా... చాయ్ బంద్!

మా బాపుకు గూడ అదే లెక్క. పెండ్లాం పిల్లలున్న మనిషి, డ్యూటీకి పోయేముందు తల్లికి నోరు సూపెట్టి పోయేటోడు.

నాకు పన్నెండేండ్లు వచ్చేసరికి అవ్వకు మతి తప్పుడు మొదలైంది. తోమింది మరిచి మళ్ళ తోమేది, మళ్ళ తోమేది... చిగుర్లకెళ్ళి రక్తం కారేది. అమ్మ వేపపుల్లలు, ఉప్పు వోసిన చిన్న మట్టి గురిగి దాచిపెట్టింది. "ఇగ రోజు అవ్వ నోరు నువ్వే కడుగు బిడ్డా" అని నాకు అప్పజెప్పింది.

నాలుగు రోజులు కడిగిన. ఐదోనాడు అవ్వ నా వేలు కొరికింది. గంతే! తెల్లారినుంచి చెంబు నీళ్ళు పట్టుకపోయి పెరట్ల పారవోసి వచ్చుడు. "కడిగినవా?" అని అమ్మ అడిగితే, చెరుకు గడ నములుకుంట "కడిగిన" అనుడు. ఎంత అల్కగ ఆడిన్నో అబద్ధం!

కొన్నాళ్ళకు అవ్వ తినుడు బంద్ చేసింది. జొన్నరొట్టె పాలల్ల నానవెట్టి ఇచ్చినా ఉమ్మేసేది. "ముసల్దానికి మొండితనం ఎక్కువైంది" అన్నది అమ్మ. ఎవ్వలో గాలి సోకిందంటే తాయెత్తు గట్టిండ్రు. ఒకనాడు బాపు కోపానికొచ్చి పల్లెం ఇసిరికొట్టిండు.

అవ్వ మాత్రం నన్ను సూసినప్పుడల్ల "ఆ... ఆ..." అనేది. పాత అలవాటే గదా అని నా నోరు తెరిచి సూపెట్టేదాన్ని. తల అడ్డంగ ఊపేది. మళ్ళ "ఆ..." అనేది. తమ్ముడు, నేను పడి పడి నవ్వేటోళ్ళం. థూ... గా నవ్వు యాదికొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఒకరోజు మేము ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలిచే పక్కింటామె పలకరిద్దామని వచ్చింది. మంచాన పడ్డ అత్తకు ఏండ్లకేండ్లు చాకిరి చేసిన మనిషి. అవ్వ దవడ వాపు సూసి, వేలికి మెత్తటి గుడ్డ సుట్టుకొని, మెల్లగ పెదవి ఎత్తింది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకున్న. విరిగిన పన్ను బుగ్గల గుచ్చుకొని, పుండై, చీము వట్టి ఉన్నది. నొస్తుందని చెప్పుడు అవ్వకు యాదిల లేకుండ పోయింది. "ఆ" ఒక్కటే మిగిలింది.

"యా అల్లా! రోజు బువ్వ కుక్కుతున్నరు గని, ఒక్కనాడన్న నోరు సూడలేదా?" అన్నది ఖాలా. అమ్మ నా దిక్కు సూసింది. నేను నేల దిక్కు సూసిన.

దవాఖానల పన్ను పీకిండ్రు. గని అప్పటికే అవ్వ పుల్లోలె ఎండిపోయింది. కొన్ని రోజులు జావ తాగి, ఆ చలికాలమే పోయింది. అమ్మ పోయేదాక నన్ను ఒక్క మాట అడగలే. అడిగినా బాగుండు.

ఇప్పుడు గల్లీకో పండ్ల డాక్టరు... ఇంట్ల మనిషికో రంగు బ్రష్షు. గడపల కూసోని "ఆ అను" అనేటోళ్ళే లేరు. మీ ఇండ్లల్ల మతి తప్పిన పెద్దోళ్ళు బువ్వ ఉమ్మేస్తే తిట్టకుండ్రి, ముందుగాల నోరు సూడుండ్రి. మీకూ గిట్లాంటి అవ్వ ఉండి ఉంటే కింద రాయుండ్రి, నేనొక్కదాన్నే కాదని అనుకుంట.

మా అవ్వ నా నోరు ఏండ్లకేండ్లు సూసింది. నేను ఆమెది సూసింది నాలుగంటే నాలుగు రోజులు.