పెనుకొండకు ఒక దినం

కదిరి నరసింహస్వామి మీద ఒట్టు. నా చేతిలోని సుద్దముక్క మీద ఒట్టు. పన్నెండేళ్లుగా నా కోతలన్నీ వింటూ కూడా నాకు అన్నం పెడుతున్న ఇల్లాలి మీద ఒట్టు. ఇక్కడ రాసేదాంట్లో ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వుకోండి.

మా బళ్లో పనిచేసే క్రైస్తవ సారు ఒకాయన చర్చివాళ్లతో కలిసి ఇటలీకి పోయే ఏర్పాట్లలో ఉన్నాడు. మొన్న టీచర్ల గదిలో మ్యాపు పరిచి, రోముకు నాలుగు దినాలు, ఫ్లోరెన్సుకు రెండు, వెనిసుకు మూడు అని పెన్సిలుతో రాసుకుని నన్నడిగినాడు.

"సరిపోతాయా సారూ? యాడ తగ్గించమంటారు?"

నేను ఇటలీని గోడ మీది మ్యాపులో తప్ప చూడలేదని ఆయనకూ తెలుసు. కానీ ఏమడిగినా తెలియదనని మనిషినని నాకు పేరు.

"రోములో మీకు మేనత్త ఉండాదా?" అన్నాను.

"లేదు సారూ."

"ఫ్లోరెన్సులో మీ ఇంటామెకు చిన్నమ్మ?"

"యాడ నుంచి వస్తాది సారూ!"

"అయితే మీ ఇష్టం వచ్చినన్ని దినాలు ఉండండి. అదృష్టవంతులు."

ఆయన నవ్వినాడు. నాకు మాత్రం గొంతులోకి పాత పులుపు ఒకటి ఎగదన్నింది. అది హిందూపురంలో తిన్న ఒబ్బట్ల చారు పులుపు. పన్నెండేళ్లయినా అరగలేదు.

మా పెళ్లి యాభైల చివర్లో, ఓబులదేవరచెరువులో, మా ఆవిడ పుట్టింట్లో జరిగింది. అప్పటికే నేను అమరాపురం బళ్లో టీచరును. ఎండాకాలం సెలవుల్లో ఇంక తొమ్మిది దినాలు మిగిలినాయి. కొత్త జంట దగ్గరి చుట్టాల ఇళ్లకు పోయి నిద్రలు చేసి రావాలి. ఒక్క నిద్ర చేసి లేస్తే నిప్పుకోసం వచ్చినవాళ్లంటారు. రెండు సరిసంఖ్య, పనికిరాదు. మూడు చేయాలి, లేదా ఐదు. హిందూపురంలో మా మేనత్త ఉంది, ధర్మవరంలో మా ఆవిడ చిన్నమ్మ ఉంది. ఈ రెండు ఊళ్లకూ నడుమ, రైలుదోవలో, పెనుకొండ. పెనుకొండలో మాకెవరూ లేరు.

కొత్త పెళ్లికొడుకు గొప్పతో "నీకేం కావల్లో చెప్పు" అని మా ఆవిడను అడిగినాను. చీర అడుగుతుందనుకున్నా. 

"చిన్నప్పుడు చిన్నమ్మోళ్ల ఇంటి నుంచి రైల్లో పోతా పెనుకొండ కొండ చూసినా. పైన కోటగోడ కనపడతాది. రైల్లో నుంచి గోడ చూసినా కదా, ఆ గోడ మీద నుంచి రైలు ఎట్ల కనపడతాదో చూడల్ల," అనింది.

ఇంతే. దీనికి నేను ఒక పూట కాదు, ఒక దినమంతా ఇస్తానన్నాను. వెంటనే పలక తీసుకుని లెక్క వేసినాను. శనివారం హిందూపురం చేరితే శని, ఆది, సోమ మూడు నిద్రలు. మంగళవారం పెనుకొండ, ఆ పూట అక్కడి సత్రంలో మకాం. బుధ, గురు, శుక్ర ధర్మవరం. శనివారం తిరుగుబండి. ఆదివారం కాళ్లు చాపుకుని పడుకోవడానికి. సోమవారం బడి. అంత చక్కటి లెక్క నేను పిల్లలకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మా నాయన పలక వైపు చూసినాడు.

"పెనుకొండలో మనోళ్లు ఎవరుండారప్పా?"

"ఎవరూ లేరు నాయనా."

"మరి ఎవరింటికి పోతారు?"

"కొండకు."

"కొండ ఇంట్లో కాళ్లకు నీళ్లిచ్చేది ఎవరు? సత్రంలో పండుకునే గతి పట్టిందా మనకు?" అని కండువా దులుపుకుని లేచినాడు. "కొండ యాడికీ పారిపోదులే."

ఇక హిందూపురం. మా అత్త ఇల్లు మార్కెట్టు వెనక వీధిలో. ఆమె మొగుడు చింతపండు, బెల్లం మండీ నడిపేవాడు. మండీలో పట్టని సరుకు ఇంట్లో పడేది. కొత్త జంటకని మర్యాదగా ఇచ్చిన గదిలో మూడు పక్కలా బెల్లం దిమ్మెలు, నాలుగో పక్క చింతపండు గుట్ట. జూన్ ఎండకు బెల్లం కరిగి చాప మీదికి పారింది. పొద్దున లేస్తే వీపుకు చాప అంటుకుని నాతోపాటే లేచింది. ఈగలు చెప్పనక్కర్లేదు. మా ఆవిడ పెళ్లిచీర కుచ్చెళ్లలో చీమలు కాపురం పెట్టినాయి.

అత్త మొగుడికి నస్యం అలవాటు. కుడి ముక్కుకొకసారి, ఎడమ ముక్కుకొకసారి పీల్చి, తుమ్మి, మోకాళ్ల మీది తువ్వాలుతో తుడుచుకునేవాడు. భోజనం కాగానే అదే తువ్వాలు నా చేతికిచ్చి "తుడుచుకో అల్లుడా, మొహమాటపడొద్దు" అనేవాడు. నేను నా పంచెకే చేతులు తుడుచుకున్నానని ఆయనకు కోపం వచ్చింది. పొద్దున్నే పెరట్లో నాలుక గీసుకుంటూ ఆయన చేసే శబ్దానికి పక్కింటి ఎద్దు పలుపు తెంచుకుని పోయిందంటే నమ్మరు. ఒట్టు వేసి చెప్పినా కదా, నమ్మండి.

అన్నిటికన్నా పెద్ద రోత ఒబ్బట్లు. మేం వచ్చిన దినం మా అత్త వంద ఒబ్బట్లు చేసింది. పప్పు ఉడికిన కట్టుతో పెద్ద గుండిగ నిండా చారు పెట్టింది. మొదటిపూట అమృతం. ఒబ్బట్ల చారు రెండో దినం ఇంకా బాగుంటుందని మా వైపు అంటారు, అదీ నిజమే. మూడో దినం సంగతి మాత్రం ఎవరూ అనరు. మా అత్త దాన్ని పారబోయలేదు. పొద్దునా సాయంత్రం కాస్త నీళ్లు, కాస్త చింతపండు వేసి మరగబెట్టేది. గరిటెతో తీసుకుని, దాన్నే నాకి, ఉప్పు చాలలేదని అదే గరిటె మళ్లీ గుండిగలో పెట్టేది. నాలుగో దినానికి పొయ్యి మీద లేకపోయినా ఆ చారు బుడగలు వేసింది. "కొత్త అల్లుడు కదా, ఇంకొంచెం," అని నా విస్తరిలో పోస్తుంటే, లోపలికి పోయింది ఏదో బయటికి రావల్సింది ఏదో తెలియక గొంతు పట్టుకుని కూర్చున్నా.

మీరు అడుగుతారు, మూడు నిద్రలు కదా, నాలుగో దినం ఎట్ల వచ్చిందని. అదే చెప్పబోతున్నా. సోమవారం సాయంత్రం అత్తతో అన్నాను, "అత్తా, పొద్దున బండికి పోతాం."

మా అత్త చింతగింజలు కొట్టే సుత్తి పక్కన పెట్టింది.

"మంగళవారం ఆడకూతుర్ని గడప దాటించేదా? అయ్యవారు ఉద్యోగం చేస్తాండావంట! ఇదేనా నేర్చుకునింది?"

నిద్రలు లెక్కపెట్టినానే గానీ వారాలు చూసుకోలేదు. మా తాతల కాలం నుంచి మా ఇండ్లలో ఎవరూ చేయని తప్పు.

"అయితే బుధవారం..." అన్నాను.

"బుధవారం ఉత్తరానికి వారశూల. పెనుకొండ, ధర్మవరం ఉత్తరం కాదా? పైగా నాలుగు నిద్రలైతాయి."

"మరి ఎప్పుడు పొమ్మంటావు?"

"గురువారం పో. ఐదు నిద్రలు. లక్షణంగా ఉంటాది," అని సుత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది. మొహంలో ఎంత సంతోషమంటే, మంగళవారాన్ని ఆమే సృష్టించినట్లు.

గురు, శుక్ర, శని ధర్మవరానికి. ఆదివారం తిరుగు ప్రయాణం. పలక మీద ఇంకేం మిగల్లేదు. తుడిచేయాల్సింది పెనుకొండే, ఎందుకంటే దాని తరఫున మాట్లాడేదానికి అక్కడ మాకు అత్త లేదు.

మరునాడు బావి దగ్గర మా ఆవిడ బిందె ముంచుతూ మెల్లగా అనింది. "గురువారం పొద్దున బండికి పోయి పెనుకొండలో దిగితే? కొండెక్కి దిగి, సాయంత్రం బండికి ధర్మవరం చేరొచ్చు. ఆడ మూడు నిద్రలూ ఉంటాయి కదా."

లెక్కల టీచరును నేను. లెక్క చేసింది ఆమె. ఆ రెండు దినాలు నేను ఆ పులిసిన చారు తాగింది ఆ లెక్కను తలుచుకునే.

గురువారం తెల్లారి ట్రంకుపెట్టె సర్దుకుని బయలుదేరుతుంటే మా అత్త పీట వేసి మా ఆవిడను కూర్చోబెట్టింది. ఐదు శేర్ల బియ్యం, ఎండుకొబ్బరి గిన్నెలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ, తమలపాకులు ఆమె ఒడిలో పోసి, కొంగుతో నడుముకు బిగించి కట్టింది. ఒడిబియ్యం. మంచిదే. కానీ కట్టిన చేత్తోనే గడ్డం పట్టుకుని చెప్పింది.

"దోవలో యాడా దించగూడదు తల్లీ. నేరుగా మీ చిన్నమ్మోళ్ల ఇంట్లో దేవుని ముందర దించల్ల. నడుమ యాడన్నా దించితే కాపురానికి మంచిది కాదు."

నేను అత్త మొహం చూసినా. ఆమెకు మా సంగతి ఎవరో చెప్పినట్లే ఉండింది. మా ఆవిడ మాత్రం నా మొహం చూసింది.

రైలు కదిలింది. పెనుకొండ వచ్చింది. ఇక్కడ నేను చేసింది నా జన్మలో గొప్ప పని. "దించగూడదనింది కదా, ఎక్కించగూడదనలేదే! ఒడిలోనే పెట్టుకుని ఎక్కు, నేను పెట్టె మోస్తా," అన్నాను. దిగినాం. ఎక్కినాం.

ఆ ఎండలో మెట్ల మీద కాలు పెడితే చెప్పులు కరిగినాయి. సగం కొండలో ఒక నల్లమూతి కోతి అడ్డం వచ్చి ఎండుకొబ్బరి కోసం చేయి చాపింది. నేను బళ్లో అరిచినట్లు "నిలబడు!" అని అరిస్తే, అది రెండు చేతులూ కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. కొంగు సందులో నుంచి మెట్టుకొక గింజ రాలింది. మరుసటి వానలకు ఆ మెట్ల సందుల్లో వరి మొలిచి, గొర్రెలకాపరులు అన్నం వండుకున్నారని విన్నా. పైనుంచి హిందూపురం కనపడింది. మా అత్త మొగుడు నస్యం పీల్చడం కనపడింది. పది లెక్కపెట్టేలోగా తుమ్ము వినపడింది.

మా ఆవిడ ఇవేమీ చూడలేదు. ఒడి రెండు చేతులతో పట్టుకుని గోడ మీద కూర్చుంది. కింద రైలు గొంగళిపురుగు మాదిరి పోతోంది.

"ఇంత చిన్నగా ఉంటాదా!" అనింది. తర్వాత, "ఆ రైల్లో ఎవరో ఆడమనిషి కిటికీలో నుంచి ఈ పక్కకే చూస్తాంది," అనింది.

సాయంత్రం బండికి ధర్మవరం చేరినాం. చిన్నమ్మ మగ్గం గుంతలో నుంచి లేవకుండానే, "రండి రండి. హిందూపురానికి ఐదు దినాలంట, మాకు మూడంట. మేం నేతపని చేసేటోళ్లం కదా, మా ఇంట్లో పట్టే ఉంటాది, పప్పు ఉంటాదా!" అనింది. మా ఇంటి గౌరవమంతా పడుకున్న పూటల్లోనే ఉందని అప్పుడు పూర్తిగా తెలిసింది. మూడు దినాలూ ఆమె నన్ను పలకరించినప్పుడల్లా ముందు ఆ ఐదు చెప్పి, తర్వాత మిగతా మాట చెప్పేది. ఆదివారం బయలుదేరినాం. హిందూపురంలో దిగి అమరాపురానికి పడమరగా పోవాలి, ఆదివారం పడమరకు శూల. ఆ మాటే నేను తర్వాత మా నాయనను అడిగితే, "ఉద్యోగానికి శూల ఏముందిరా!" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు వచ్చినంత ఓకరింపు ఆ చారు తాగినప్పుడు కూడా రాలేదు.

ఇంక ఒట్టు సంగతి. బెల్లం నిజం. ఈగలు నిజం. తువ్వాలు, గరిటె, మంగళవారం, ఒడిబియ్యం, చిన్నమ్మ దెప్పుడు, మా నాయన తీర్పు అన్నీ నిజం. ఎద్దు పలుపు తెంచుకోలేదు, కొంచెం బెదిరింది. నేను అల్లింది ఒక్కటే, పెనుకొండలో దిగడం. మేం దిగలేదు.

బండి ఆగింది. ఆమె లేచి నిలబడింది, కొంగు బిగించుకుంది, నా వైపు చూసింది. నేను ఆమె ఒడి వైపు చూసినా. అత్త మాట చెవిలో ఉంది. ఆ అత్త గరిటె నాకడం చూసి ఐదు దినాలు అసహ్యించుకున్నవాడినే, ఆమె మాటను మాత్రం మింగినాను. "వచ్చేటప్పుడు చూద్దాంలే," అన్నాను. ఆమె కూర్చుని, కిటికీలో నుంచి కోటగోడ కనపడినంతసేపూ చూసింది. దించగూడదనింది గానీ ఎక్కించగూడదనలేదు కదా అన్న తెలివి నాకు అప్పుడు తట్టలేదు. ఏడెనిమిదేళ్ల తర్వాత ఎవరికో ఈ కథ చెబుతూంటే, నోట్లో నుంచి దానంతట అదే వచ్చింది.

వచ్చేటప్పుడు పెనుకొండలో బండి మళ్లీ ఆగింది. సోమవారం బడి కాబట్టి నేను మాట్లాడలేదు. ఆమె కొండ ఉన్న పక్క కిటికీ దగ్గర కూర్చోలేదు.

ఈ కథ నేను ఆమె ముందరే ఎన్నోసార్లు చెప్పినా. అబద్ధమని ఒక్కసారి కూడా అనలేదు. మొన్న క్రైస్తవ సారు ఇంటికి వస్తే మళ్లీ చెప్పినా. ఆమె కాఫీ ఇచ్చి పోతా పోతా, "నల్లమూతి కోతి కాదు సారూ, ఎర్రమూతి," అనింది.

సారు నవ్వినాడు. నేను నవ్వలేకపోయినా. గోడ మీద కూర్చుని రైలును చూసింది అబద్ధం. ఆ రైల్లో కిటికీలో నుంచి గోడను చూసిన ఆడమనిషి నిజం, ఆమె పక్కన నేను.