ఖాతా మూయమన్న పరీక్ష

ఫసియుద్దీన్‌కు ఒకచోట కూర్చోవడం చేతకాదని సింగపూర్‌లోని యూ టీ పేటలో ఆయన్ని ఎరిగినవాళ్ళంతా అంటారు. రైల్లో సీట్లు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడతాడు. తినుబండారాల అంగళ్ళుండే హాకర్ సెంటర్‌లో కాఫీ కొని, టేబుల్ మీద పెట్టి, అటూ ఇటూ తిరిగొచ్చి చల్లారాక తాగుతాడు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. యాభై దాటాక ఉద్యోగం పోయినప్పుడు పట్టుకుంది.

ఆయనది నల్లగొండ. పెళ్ళైన కొత్తలో సింగపూర్ వచ్చి, ఒక బ్యాంకులో చేరి, శాశ్వత నివాసం సంపాదించి, ఇరవై ఏళ్ళు ఒకటే పని చేశాడు. ఖాతా తెరవడానికి వచ్చినవాడు నిజంగా తాను చెప్పుకుంటున్న మనిషేనా, వాడి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోంది అని ఆరా తీయడం. అనుమానపడటమే ఆయన వృత్తి. ఆ విభాగాన్ని బ్యాంకు మరో దేశానికి తరలించినప్పుడు ఈయన్ని తరలించలేదు. భార్య అతియా బాలవాడిలో టీచరు. కూతురు అలీజా పాలిటెక్నిక్ చదువుతోంది. ఇద్దరూ పొద్దున్నే వెళ్ళిపోతే ఫ్లాట్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఉండేవాడు.

పై అంతస్తులో ఉండే అలేఖ్య రాజమండ్రి అమ్మాయి. ఇక్కడే యూనివర్సిటీలో చదివి ఇక్కడే ఉండిపోయింది. దగ్గర్లోని వుడ్‌ల్యాండ్స్‌లో ఒక చిన్న ఆఫీసు ఆమె చేతుల మీద నడుస్తోంది. ఒకరోజు లిఫ్ట్‌లో కలిసినప్పుడు, అనుమానంతో చదివే మనిషి కావాలి అంకుల్, వస్తారా అని అడిగింది.

పని ఏమిటంటే, ఇంటర్నెట్‌లో నడిచే జూదశాలలను పరీక్షించడం. ఎక్కడో చిన్న దీవుల్లో లైసెన్సు తీసుకుని నడిచే కాసినోలు అవి. అవి నమ్మదగినవేనా, బ్రిటన్‌లో ఉండే ఆటగాళ్ళకు పనికొస్తాయా అని తేల్చి నివేదిక రాయాలి. దాన్ని లండన్‌లోని క్లయింటు తన సైటులో వేసుకుంటాడు. సింగపూర్‌లో అలాంటి సైట్లు తెరుచుకోవు, ఆడటం నేరం కూడా. అందుకని ఆడే పని బ్రిటన్‌లోని పరీక్షకులది. వాళ్ళు ఆడి, గెలిచింది వెనక్కి తీసుకుని, జరిగిందంతా రికార్డు చేసి పంపుతారు. చూసి తీర్పు చెప్పడం ఫసియుద్దీన్ పని.

జూదం ఆయన మతంలో హరామ్. ఆ సంగతి ఎవరూ ఆయనకు గుర్తు చేయనక్కర్లేదు. నేను ఆడటం లేదు, ఆడించడం లేదు, మోసగాళ్ళను పట్టుకుంటున్నాను, హోటల్ వంటగదిని తనిఖీ చేసేవాడు ఆ కూడు తినాలని ఉందా అని తనకు తానే చెప్పుకున్నాడు. ఇంట్లో మాత్రం వెబ్‌సైట్ల తనిఖీ అన్నాడు. ఏ వెబ్‌సైట్లని అతియా అడిగినప్పుడు దాచలేదు. ఆమె, మీకు తెలియనిది నేనేం చెప్పను అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అలీజా అంత తేలిగ్గా వదల్లేదు.

“ఏది సేఫో యు టెల్ దెమ్, అబ్బా. దెన్ దే గో అండ్ ప్లే లా,” అంది తండ్రితో, సింగపూర్ యాస ఇంగ్లీషులో, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

దానికి ఆయన దగ్గర జవాబు ఉంది. మొదటి నెలల్లోనే ఒక కాసినోను పట్టుకున్నాడు. గెలిచినవాళ్ళు డబ్బు అడిగితే అది పాస్‌పోర్టు పంపమనేది, పంపితే స్పష్టంగా లేదనేది, మళ్ళీ పంపితే కరెంటు బిల్లు అడిగేది. విసిగిపోయిన ఆటగాడు అదే డబ్బుతో మళ్ళీ ఆడి పోగొట్టుకునేదాకా అలా తిప్పేది. బ్యాంకు మనిషి కాబట్టి ఆ ఎత్తు వెంటనే తెలిసింది. ఆయన రాసింది చదివి క్లయింటు దాన్ని జాబితాలోంచి తీసేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి అలీజాకు ఈ సంగతి ఉత్సాహంగా చెప్పాడు. అప్పుడు కొన్నాళ్ళు ఆయన కాఫీ కూర్చునే తాగాడు.

ఆ తర్వాత వచ్చింది సిల్వర్ ఎగ్రెట్ అనే కాసినో. దానిలో ఏ తప్పూ దొరకలేదు. లైసెన్సు అసలైనదే. గెలిచిన డబ్బు అడిగిన మర్నాటికే వచ్చేది. సహాయానికి అడిగితే మర్యాదగా జవాబిచ్చేవాళ్ళు. దాన్ని పరీక్షించింది కీత్ అనే ఆయన. హల్ అనే ఊళ్ళో ఉంటాడు, ఒకప్పుడు బస్సు నడిపేవాడు. సింగపూర్‌లో సాయంత్రమైతే ఆయనకు పొద్దున. వీడియోలో మాట్లాడుకునేవాళ్ళు. కీత్ టీ కప్పు పట్టుకుని, పని మాటలయ్యాక వాన గురించీ, తన చెల్లెలు జేన్ కుక్క గురించీ చెప్పేవాడు.

అన్నీ బాగుండటమే ఫసియుద్దీన్‌ను నిలవనివ్వలేదు. ఖాతా తెరిచేటప్పుడు ప్రతి సంస్థా మర్యాదగానే ఉంటుంది, మూయమన్నప్పుడే దాని స్వభావం బయటపడుతుందని బ్యాంకులో నేర్చుకున్నాడు. నియమావళిలో లేని పరీక్ష ఒకటి తనే కలిపాడు. ఇక ఆడదలుచుకోలేదు, నా ఖాతా శాశ్వతంగా మూసేయండి అని అడగమని కీత్‌తో చెప్పాడు.

కీత్ కప్పు కింద పెట్టాడు.

“నిజంగానే మూయమంటావా?”

అవునన్నాడు ఈయన. పని గురించిన ప్రశ్నే అనుకున్నాడు.

కాసినోవాళ్ళు మొదట బోనస్ ఇస్తామన్నారు. కీత్ పట్టుబట్టాడు. ఎందుకు వెళ్ళిపోతున్నారు, మేమేమైనా తప్పు చేశామా అన్నారు. అయినా అతను వదలకపోతే మూశారు. కొద్ది రోజులకే ఒక సందేశం వచ్చింది. మీరు లేక వెలితిగా ఉంది, మీకోసం ఉచితంగా ఆటలు ఉంచాం, ఇక్కడ నొక్కితే చాలు అని. అది చూసి ఫసియుద్దీన్‌కు వేటగాడికి జాడ దొరికినంత సంతోషమైంది. శాశ్వతంగా మూసినది ఒక్క నొక్కుతో తెరుచుకుంటే, ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? నొక్కి చూడు, రికార్డు చెయ్యి అన్నాడు.

తెరుచుకుంది. రికార్డు వచ్చింది. మర్నాటి కాల్‌కు కీత్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచాక వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది, చేతిలో కప్పు లేదు.

అప్పుడు చెప్పాడు. బ్రిటన్‌లో జూదం మానలేనివాళ్ళు తమను తామే నిషేధించుకునే ఏర్పాటు ఒకటి ఉంది. అక్కడ పేరు రాయించుకుంటే ఆ దేశపు లైసెన్సు ఉన్న ఏ సైటూ లోపలికి రానివ్వదు. కీత్ ఎప్పుడో రాయించుకున్నాడు. బయటి దీవుల కాసినోలకు ఆ నిషేధంతో పనిలేదు. పరీక్షకుల పని దొరికినప్పుడు, నిషేధంలో ఉన్నావా అని అతణ్ణి ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఆఫీసు డబ్బుతోనే కదా ఆడేది, అదుపులో ఉంటాననుకున్నాడు. ఈసారి అదుపులో ఉండలేదు. మొదట సొంత డబ్బు పోయింది, ఆ తర్వాత జేన్ కార్డు మీది డబ్బూ పోయింది.

“మూతపడ్డాక హాయిగా నిద్రపోయాను, ఫాసీ. అలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నువ్వే మళ్ళీ తెరవమన్నావు.”

అందులో కోపం లేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పాడు. ఫసియుద్దీన్ క్షమించమన్నాడు. పర్వాలేదు, నీకెలా తెలుస్తుంది అని కీత్ అనడం ఇంకా కష్టంగా తోచింది.

ఆ సాయంత్రం ఆయన వుడ్‌ల్యాండ్స్ నుంచి రైలెక్కలేదు. పట్టాల పక్క దారిలో నడుస్తూ యూ టీ దాకా వచ్చాడు. ఇంటి బ్లాకు కనబడ్డాక లోపలికి వెళ్ళబుద్ధి కాక, కింద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్న చోట తిరిగాడు. శుక్రవారం మసీదులో వరుసలో నిలబడ్డప్పుడు కూడా మనసు పక్కకు పోతూనే ఉంది. బయటికొచ్చాక ఇమామ్ గారిని అడుగుదామని రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆయన చెప్పబోయేది తనకు తెలియనిది కాదు.

ఒక ఆలోచన మాత్రం తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది. బ్రిటన్‌లో ఆడాలనుకునేవాడికి ఆ దేశపు లైసెన్సు ఉన్న సైట్లు కావలసినన్ని ఉన్నాయి. మరి సముద్రాల అవతల ఉన్న ఈ కాసినోను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఎవరు? తమ తలుపు తామే మూసుకున్నవాళ్ళు. వాళ్ళకు కిటికీ ఎక్కడుందో చెప్పడానికే తన నివేదికలు పనికొస్తున్నాయి. కాసినో ఎంత నిజాయితీగా డబ్బు చెల్లిస్తే అంత నమ్మకంగా లోపలికి వెళతారు. లోకమంతా వెతికి తప్పులు పట్టానని సంబరపడ్డాడు గానీ, ఈ ఒక్కటీ ఎదురుగానే ఉండింది.

నివేదిక ఆఖర్న ఒక్క వాక్యం రాశాడు. ఈ కాసినో బ్రిటిష్ ఆటగాళ్ళకు తగినది కాదు, అక్కడి లైసెన్సు లేని ఏ కాసినో కూడా తగినది కాదు అని.

అలేఖ్య చదివి తలుపు వేసింది. ఆఫీసులో ఇంకెవరూ తెలుగువాళ్ళు కారు, అయినా గొంతు తగ్గించి మాట్లాడింది.

“అంకుల్, మొదటి సగం బ్రహ్మాండంగా ఉందండి. మళ్ళీ తెరిపించే మెసేజ్ గురించి తప్పకుండా వేద్దాం. ఆ ఆఖరి లైను మాత్రం వేస్తే ఇంక మనకి పనే ఉండదు.”

“అదే కదమ్మా నేను జెప్పేది. ఈ పనే ఉండొద్దు.”

అప్పుడామె చెప్పింది, ఇక్కడ ఉద్యోగం చేసుకోవడానికిచ్చే తన వర్క్ పాస్ ఈ కంపెనీ మీదే ఉందని, ఇది పోతే నెల తిరిగేసరికి దేశం విడిచి వెళ్ళాల్సి వస్తుందని. ఆడేవాళ్ళు మనం రాసినా రాయకపోయినా ఆడతారు, కనీసం మోసపోకుండా ఉంటారని. ఇదంతా ఆయన తనకు తాను చెప్పుకున్నదే. మరొకరి నోట వింటే ఎంత పలచగా ఉందో తెలిసింది. ఆమె మీద కోపం రాలేదు. తన కూతురు కన్నా ఎంతో పెద్దది కాదు.

“ఆ లైను నువ్వు తీసేసుకో, నీ బాధ నాకెరుకే. కాని నా పేరు పెట్టకు. రేపటి సంది నేను రాను,” అన్నాడు.

సిల్వర్ ఎగ్రెట్ నివేదిక మరొకరి పేరుతో వచ్చింది, అయిదింటికి నాలుగు నక్షత్రాలతో. ఖాతా మూసే విషయం అడుగున ఒక వాక్యంలో మెత్తగా ఉంది. అతియాకు ఉద్యోగం మానేశానని చెబితే, ఆమె ఎందుకని అడగకుండానే ఆ పూట పక్కన కూర్చుంది. ఎందుకు మానేశారని రాత్రి భోజనాల దగ్గర అలీజా అడిగింది. కీత్ సంగతి మొత్తం చెప్పాడు, తెరవమన్నది తానేనని కూడా. ఆ పిల్ల ఈసారి ఫోన్ పక్కన పెట్టి వింది.

కొన్నాళ్ళకు బెడోక్‌లో ఒక సరుకుల కంపెనీలో సరఫరాదారుల కాగితాలు చూసే పని దొరికింది. జీతం తక్కువ, రైలు ప్రయాణం సింగపూర్‌కు ఈ మూల నుంచి ఆ మూలకు. దారంతా తలుపు దగ్గర నిలబడే వెళతాడు. అలేఖ్య ఒకసారి లిఫ్ట్‌లో కలిసి, నిషేధంలో ఉన్నవాళ్ళను పరీక్షకులుగా తీసుకోకూడదని క్లయింటును ఒప్పించానని చెప్పింది. అంతవరకే ఒప్పుకున్నాడండి అంది. మంచి పని చేశావమ్మా అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.

కీత్‌ను మాత్రం వదల్లేదు. జూదం సైట్లకు తన కార్డు నుంచి డబ్బు వెళ్ళకుండా ఆపమని బ్యాంకును అడగవచ్చని చెప్పి, అతను అడుగుతున్నంతసేపూ ఫోన్‌లో పక్కనే ఉన్నాడు. జేన్‌తో కూడా మాట్లాడాడు. ఆమె మొదట పెడసరంగానే జవాబిచ్చింది. మీవల్లేగా అంది. అవునన్నాడు.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఆయన పట్టాల పక్క దారిలో నడుస్తూ కీత్‌కు ఫోన్ చేస్తాడు. ఒక్కోసారి ఎత్తుతాడు, ఈ వారం ఆడలేదంటాడు, కుక్క కబుర్లు చెబుతాడు. ఒక్కోసారి ఎత్తడు. ఎత్తని వారాల్లో ఫసియుద్దీన్ ఇంటికి ఆలస్యంగా వస్తాడు. పోయిన శనివారం ఎత్తలేదు. ఆదివారం మళ్ళీ చేశాడు. సోమవారం బెడోక్‌లో మధ్యాహ్నం కాఫీ తెచ్చుకుని, దాన్ని టేబుల్ మీద వదిలేసి, బయట ఎండలో ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. అవతల ఇంకా తెల్లవారలేదని గుర్తొచ్చినా పెట్టెయ్యలేదు.