గాలి చాలని సమీకరణం

మా మేడం పోయారని మొన్న పొద్దున ములకలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. హైస్కూల్లో నాకు రసాయనశాస్త్రం చెప్పిన మేడం. ఫోన్ పెట్టేశాక ముందు దుఃఖం రాలేదు, భయం వేసింది. మణుగూరులో మా ఇంట్లో ఏ వాసన తేడాగా వచ్చినా ఇప్పటికీ ఆవిడకే ఫోన్ చేసేదాన్ని. "కిటికీ తీసినవా? ముందు తియ్. తర్వాత మాట్లాడు," అనేవారు. ఇక ఎవరికి చేయను?

నేను మొదటి నుంచీ పిరికిదాన్నే. బోర్డు దగ్గరికి పిలిస్తే నా చెమటకు సుద్దముక్క నానిపోయేది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్లు. ఎడమవైపు ఆక్సిజన్ రెండు, కుడివైపు ఒకటే. తక్కువైన ఆ ఒకటి ఎక్కణ్ణించి తేవాలో తెలియక నీటి సూత్రంలో ఆక్సిజన్ కింద చిన్న రెండు తగిలించేశాను. లెక్క సరిపోయింది. మేడం తల పట్టుకున్నారు.

"ఏందే ఇది? ఇగ అది నీళ్లు కాదు, తాగితే పేగులు కాల్తయి. కింది అంకె దాని ఒంట్లది, ముట్టకు. ముందు పెట్టే అంకె ఒక్కటే నీ చేతిల ఉంది."

నీళ్ల ముందు రెండు, హైడ్రోజన్ ముందు రెండు పెట్టించారు. సరిపోయిందని తెలిసినా, ఒక్కో పరమాణువునూ సుద్దతో తాకుతూ రెండువైపులా మళ్లీ లెక్కపెట్టించారు. మాకు విసుగొచ్చేది.

చలికాలంలో ఒకరోజు బొగ్గు మీద రెండు సమీకరణాలు రాశారు. గాలి బాగా ఆడితే బొగ్గు మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్. రెండూ తుల్యం చేసి "రెండూ కరెక్టే మేడం," అన్నాం గర్వంగా.

"అవ్, లెక్క కరెక్టే. కానీ రెండోదానికి వాసనుండదు, కండ్లకు కనవడదు. తలుపులు మూసిన ఇంట్ల మనిషిని నిద్రల నుంచి లేవనియ్యదు."

అప్పుడు మా అక్క బాలింత. చలిగాలి తగలకూడదని అమ్మ ఆ గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కేది. మా వైపు అందరూ చేసేదే. ఆ పొద్దున అక్క తల బద్దలవుతోందంటే బాలింత నొప్పులేనని ఎవరూ పట్టించుకోలేదు.

లేచి ఆ సంగతి చెప్పాను. మేడం సుద్దముక్క అక్కడే పడేసి నాకంటే ముందు మా ఇంటికి పరుగెత్తారు.

గది తలుపు తోసి పిలిస్తే అక్క పలకలేదు. మేడం కిటికీ గుడ్డలు లాగేస్తుంటే అమ్మ అడ్డం పడింది.

"అయ్యో మేడం, బాలింతకు గాలి తగుల్తది!"

"సలి పెడితే దుప్పటి కప్పుతవ్. ఊపిరి ఆగితే ఏం కప్పుతవమ్మా?"

అమ్మా నేనూ అక్కను వాకిట్లోకి లాక్కొచ్చాం, పక్కలోని పసిపాపను మేడం ఎత్తుకొచ్చారు. గాలికి అక్క మెల్లగా కళ్లు తెరిచింది. మేడం చేతుల్లో పాప మాత్రం కదల్లేదు.

ఇద్దరూ దక్కారు కాబట్టి ఇదంతా ఇప్పుడు చెప్పగలుగుతున్నాను. ఆవిడ రుణం నేను తీర్చుకోలేనిది. కానీ ఆవిడను తలుచుకుంటే ఆ కాసేపే గుర్తొస్తుంది. పాప ముక్కును తన చెంపకు ఆనించుకుని మేడం వాకిట్లో నిలబడిపోయారు. కాసేపటికి పాప సన్నగా ఏడ్చింది. అమ్మ ఏడుస్తూ చేతులు చాచింది. మేడం ఇవ్వలేదు. దవాఖానాకు వెళ్తున్న ఆటోలో పాప గుక్కపట్టి ఏడుస్తూనే ఉంది. అయినా ఆ చిన్న ముక్కును చెంపకు ఆనించుకునే కూర్చున్నారు, ఊపిరి తగులుతోందో లేదో చూసుకుంటూ.